లాంగ్జాలో ఒక చెంబు నీళ్లు

స్పితి లోయలోని లాంగ్జా అనే ఊళ్లో మొదటి ఉదయం మేము దిగిన ఇంటి ఆవిడ ముఖం కడుక్కోవడానికి ఒక చెంబు గోరువెచ్చని నీళ్లు తెచ్చి ఇచ్చారు. ముఖం కడుక్కుని, మిగిలిన నీళ్లు అలవాటు కొద్దీ వాకిట్లో పారబోయబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు. ముఖంలో కోపం లేదు. చెంబు తీసుకుని, కిటికీలో డబ్బాలో పెంచుతున్న పూల మొక్కకు సగం, దూడ ముందున్న తొట్టిలో సగం పోశారు.

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు పల్లె. వాన చినుకు కోసం ఆకాశం చూస్తూ పెరిగినవాణ్ని. నీటి విలువ నాకు ఒకరు చెప్పనక్కర్లేదని అనుకునేవాణ్ని. 4,400 మీటర్ల ఎత్తున, మాటలు కూడా సరిగా కలవని ఒక పెద్దావిడ ఆ పూట నాకు చెప్పారు. స్పితి లోయలో మేము గడిపిన పదకొండు రోజుల్లో చూసిన ఊళ్లను, ఉన్న బసలను ఇప్పుడు తలచుకుంటుంటే అన్నింటినీ ఆ చెంబుతోనే కొలుస్తున్నాను.

స్పితి హిమాచల్ ప్రదేశ్‌లో, టిబెట్ సరిహద్దును ఆనుకుని ఉంది. హిమాలయాలు దాటి రుతుపవనాలు ఇక్కడికి పెద్దగా రావు. మా అనంతపురం కూడా వర్షచ్ఛాయలోనే ఉంది కాబట్టి ఆ బోడి కొండల రంగు చూడగానే నాకు కొత్త అనిపించలేదు. తేడా ఒక్కటే. మాకు చెరువుల్లో నీళ్లు నిలుస్తాయి, వాళ్లకు కొండ మీద మంచు నిలుస్తుంది.

ఆగస్టు చివరి వారంలో నేనూ, మా ఆవిడా బయలుదేరాం. అనంతపురం నుంచి కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కడి నుంచి కాల్కా, కాల్కా నుంచి చిన్న రైల్లో సిమ్లా, ఆ తరువాత కిన్నౌర్ జిల్లా కేంద్రం రికాంగ్ పియోకు బస్సు. మనాలీ వైపు నుంచి కుంజుం కనుమ దాటి వస్తే దూరం తక్కువే. కానీ ఆ దారి ఏడాదిలో నాలుగైదు నెలలే తెరిచి ఉంటుంది, పైగా ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది. సిమ్లా, కిన్నౌర్ మీదుగా వచ్చే దారి పొడవైనా ఎత్తు మెల్లగా పెరుగుతుంది. వయసు నలభై దాటినవాళ్లు, మొదటిసారి వెళ్లేవాళ్లు ఈ దారినే రావాలని గట్టిగా చెబుతాను.

రికాంగ్ పియో నుంచి స్పితిలోని కాజాకు తెల్లవారుజామున బస్సు ఉంది. సీటు కోసం ముందురోజే అడిగి పెట్టుకోవడం మంచిది. మేము కాజా దాకా వెళ్లకుండా టాబోలో దిగిపోయాం. టాబో 3,280 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి బౌద్ధ విహారాన్ని క్రీస్తుశకం 996లో కట్టారు. బయటి నుంచి చూస్తే మట్టి గోడలు తప్ప ఏమీ లేవు. లోపలికి అడుగుపెట్టి, ఆ చీకటికి కళ్లు అలవాటు పడ్డాక, గోడల మీద వెయ్యేళ్ల నాటి బొమ్మలు ఒక్కొక్కటే బయటపడతాయి. లోపల ఫొటోలు తీయకూడదు. ఆ నిబంధనకు నేను మనసారా దండం పెట్టాను, అందువల్లే మేమిద్దరం గంటసేపు కదలకుండా కూర్చోగలిగాం. విహారం పక్కనే ఉన్న వసతిలో గది సాదాగా, శుభ్రంగా ఉంది. రెండు రాత్రులు ఉన్నాం. ఒంటికి ఎత్తు అలవాటు కావడానికి ఇంతకన్న మంచి చోటు ఆ దారిలో నాకు కనబడలేదు.

విహారం చూసుకునే ఒక భిక్షువు చెప్పిన మాట తరువాత అన్ని ఊళ్లలోనూ విన్నాను. మంచు తగ్గుతోంది, వాన పెరుగుతోంది. పైకి ఇది మంచి కబురులా ఉంటుంది. కానీ ఇక్కడి ఇళ్లకు మట్టి మిద్దెలు. మంచును పారతో తోసేయవచ్చు, వాన మాత్రం మిద్దెలోకి ఇంకి గోడలను కరిగిస్తుంది. శీతాకాలంలో పడే మంచు వేసవిలో మెల్లగా కరిగి కాలువల్లోకి వస్తుంది, ఒక్కసారిగా పడిన వాన పొలాన్ని కోసుకుంటూ పోయి నదిలో కలుస్తుంది.

కాజా గురించి ఎక్కువ చెప్పను. లోయకు అదే పట్టణం. బజారు, ఆసుపత్రి, పెట్రోలు బంకు, ఏటీఎం అన్నీ అక్కడే. ఏటీఎంను నమ్ముకోకుండా రికాంగ్ పియోలోనే నగదు తీసుకోండి. మేము దిగిన హోటల్లో గీజరు, మెరిసే టైల్సు, మీట నొక్కితే నీళ్లు పారే మరుగుదొడ్డి ఉన్నాయి. రాత్రికి 2,800 రూపాయలు. వెనుక కిటికీ తెరిస్తే ట్యాంకరు నుంచి గొట్టంతో మిద్దె మీది తొట్టెలోకి నీళ్లు ఎక్కిస్తున్నారు. ఆ పక్క వీధిలో ఆడవాళ్లు కుళాయి దగ్గర బిందెలు వరుసగా పెట్టుకుని నిలబడి ఉన్నారు. మా ఆవిడ ఆ సాయంత్రం స్నానం మానేసింది. గది, భోజనం బాగున్నాయి, మనుషులు మర్యాదస్తులు. అయినా ఆ కిటికీ గుర్తొస్తే ఇంకోసారి అక్కడ దిగాలనిపించదు.

కాజా నుంచి లాంగ్జా పదిహేను కిలోమీటర్లు ఉంటుంది, అంతా ఎక్కుడే. పైకి రాగానే పెద్ద మైదానం, దాని అంచున లోయకేసి చూస్తున్న ఎత్తైన బుద్ధ విగ్రహం, వెనుక 6,303 మీటర్ల చౌ చౌ కాంగ్ నీల్డా శిఖరం. ముప్పై నలభై ఇళ్లు. సున్నం కొట్టిన గోడలు, కిటికీల చుట్టూ నల్ల పట్టీలు, మిద్దెల అంచుల వెంట పేర్చిన గడ్డి, పుల్లలు, పిడకలు. అది అలంకారమేమో అనుకున్నాను, ఆరు నెలల చలికి కూడబెట్టిన నిల్వ అట. ఇక్కడ చెట్టు అన్నది లేదు కాబట్టి పొయ్యికి పశువుల పేడే ఆధారం.

మేము దిగిన ఇంట్లో మనిషికి రోజుకు 1,200 రూపాయలు, రెండు పూటల భోజనం, ఉదయం ఫలహారం అందులోనే. నాలుగు రాత్రులు ఉన్నాం. గదిలో నేల మీద పరుపులు, రెండేసి రజాయిలు. నడి గదిలో తందూరు అని పిలిచే ఇనుప పొయ్యి, దాని గొట్టం మిద్దె దాటి పైకి వెళ్తుంది. వంట, వెచ్చదనం, కబుర్లు, చిన్న మనవడి చదువు అన్నీ ఆ పొయ్యి చుట్టూనే. ఇంటి పెద్దావిడను అందరిలాగే మేమూ ఆమా అని పిలిచాం, అంటే అమ్మ. ఆవిడ మా ఆవిడను దీదీ అన్నారు. కలిసినా, విడిపోయినా చెప్పుకునే మాట ఒక్కటే, జూలే.

భోజనం మాకు పట్టింది. వేయించిన బార్లీ పిండిని సంపా అంటారు. రుచి చూడగానే మా ఆవిడ తొలి ఏకాదశి పేలపిండి అంది. నిజంగా అదే వాసన. వెన్న, ఉప్పు వేసి చిలికిన టీని టీ అనుకుంటే మింగుడుపడదు, చారు అనుకుంటే రెండో గిన్నె కూడా అడుగుతాం. అన్నం గురించి ఒక మాట. అంత ఎత్తులో నీళ్లు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి గిన్నెలో ఎంతసేపు ఉడికించినా మెతుకు పలుకుగానే ఉంటుంది, కుక్కరు తప్పదు. కుక్కరుకు గ్యాసు కావాలి, గ్యాసు కాజా నుంచి రావాలి. రెండు రోజులు అన్నం అడగకుండా వాళ్లు తినేదే తిన్నాం. మూడో రోజు ఆమా తనంతట తానే అన్నం, నల్ల బఠాణీల పప్పు చేసి పెట్టారు. ఆ నల్ల బఠాణీ వాళ్ల పాత పంట. మన ఉలవల్లా చేవగల గింజ.

ఇక మరుగుదొడ్డి. చాలామంది ఈ ఒక్క కారణంతో పల్లెల్లో బస మానేసి కాజాకు తిరిగి వెళ్తారు కాబట్టి వివరంగా చెబుతాను. మేడ మీద చిన్న గది, మట్టి నేలలో ఒక కంత, మూలన పొడి మట్టి, బూడిద కుప్ప, ఒక పార. పని అయ్యాక రెండు పారల మట్టి కిందికి వేయాలి. అంతే. కింద ఉన్న గదిలో అది ఏడాదంతా ఎండి ఎరువవుతుంది, వసంతంలో పొలానికి చేరుతుంది. లోపల నీళ్లు పోయకూడదు. తడి చేరితే కుళ్లిపోతుంది, వాసన వస్తుంది, ఎరువు చెడుతుంది. కాగితం తీసుకెళ్లి, వాడినది విడి సంచిలో వేసి, ఇంటివాళ్లు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాలి. ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా దుర్వాసన రాలేదు. మనకు మొదటి పూట కష్టమే, రెండో రోజుకు అలవాటైపోతుంది. ఈ పొలాల్లో బార్లీ, బఠాణీ తరతరాలుగా పండటానికి ఆ గది కూడా ఒక కారణం. నీళ్ల మరుగుదొడ్డి కావాలని యాత్రికులు పట్టుబట్టి ఊళ్లో ఇప్పటికే రెండు మూడు ఇళ్లలో కట్టించుకున్నారట. అలా అడగవద్దని నా విన్నపం.

ఇంటాయనతో పొలానికి వెళ్లిన ఉదయం నాకు ఈ ప్రయాణమంతటిలో విలువైనది. మంచు కరిగిన నీరు వాలు వెంట తవ్విన సన్నని కాలువలో ఊరి దాకా వస్తుంది. దాన్ని కూల్ అంటారు. కాలువ చివర ఒక గుంట. రాత్రంతా వచ్చిన నీరు అందులో నిలుస్తుంది, పొద్దున్నే గండి తీసి వంతుల ప్రకారం పొలాలకు వదులుతారు. ఏ ఇంటికి ఏ పూట అన్నది పాత కట్టుబాటు. మా ఊళ్లో చెరువు తూము తీసి, ఎవరి మడికి ఎంతసేపన్నది చూసే మనిషిని నీరుగంటి అంటారు. నా చిన్నతనంలో ఆయన పార భుజాన వేసుకుని గట్టు మీద వస్తుంటే పెద్ద రైతులు కూడా పక్కకు తప్పుకునేవారు. ఇంటాయన తన వంతు రాగానే రెండు రాళ్లు, ఒక పచ్చిక గడ్డ తీసి నీటిని మళ్లించుకున్న తీరు చూసి నాకు ఆ మనిషే గుర్తొచ్చారు. ఆయన చేతిలో గడియారం లేదు. ఎదురు కొండ మీద ఎండ ఏ రాయి దగ్గరికి వచ్చిందో చూసి నీళ్లు కట్టేశారు.

ఒకటే పంట. మే నెలలో విత్తి, ఆగస్టు సెప్టెంబరుల్లో కోయాలి. పూర్వం బార్లీ, నల్ల బఠాణీ తమ తిండికే వేసుకునేవారు. ఇప్పుడు డబ్బు తెచ్చేది పచ్చి బఠాణీ. మైదానాల్లో బఠాణీ దొరకని రోజుల్లో ఇక్కడ కోతకు వస్తుంది కాబట్టి ఢిల్లీ దాకా గిరాకీ ఉంటుంది. ఏడాది ఖర్చు మొత్తం ఆ మూడు వారాల కోత మీదే. ఆ ఏడు మంచు తక్కువ పడిందని, గుంట సగమే నిండుతోందని, పై రెండు పొలాలు బీడు పెట్టామని ఇంటాయన చెప్పారు. చెబుతూ బఠాణీ కాయ ఒలిచి నా చేతిలో పోశారు. అంత తియ్యని బఠాణీ నేను ఎక్కడా తినలేదు.

ఈ నీటి లెక్కే ఇంటి కట్టుబాట్లలోనూ ఉంది. భూమి మొత్తం పెద్ద కొడుకుకే వస్తుంది. అతనికి పెళ్లయి సంసారం నిలబడ్డాక తల్లిదండ్రులు పెద్ద ఇల్లు వదిలి పక్కనే ఉన్న చిన్న ఇంటికి మారతారు. పెద్దది ఖాంగ్‌చెన్, చిన్నది ఖాంగ్‌చుంగ్. చిన్న కొడుకులు పూర్వం విహారాల్లో చేరేవారు. మన వైపు అన్నదమ్ముల పంపకాల్లో పొలం చీలికలై, గట్లే మిగులుతున్న ఊళ్లు చూసినవాణ్ని కాబట్టి దీని తర్కం వెంటనే అర్థమైంది. భూమి చీలిస్తే నీటి వంతూ చీలాలి, చీల్చేంత నీరు లేదు. చిన్న కొడుకుకు అన్యాయం కాదా అని అడిగాను. ఇంటాయన తమ్ముడు అక్కడే ఉన్నాడు, కాజాలో ట్యాక్సీ నడుపుతాడు. అతను పొయ్యిలో పిడక సర్దుతూ, అన్న పొలం పోతే ఇద్దరం కాజాలో ట్యాక్సీ నడపాల్సిందే కదా అన్నాడు.

రెండో సాయంత్రం జరిగినది చెప్పాలి. చీకటి పడేవేళ ఇద్దరు కుర్రవాళ్లు తలుపు తట్టారు. హైదరాబాదు వాళ్లు, తెలుగు వినబడగానే మా ఆవిడ లేచి వెళ్లింది. మనాలీలో ఆ తెల్లవారుజామున బయలుదేరి కుంజుం దాటి, ఎక్కడా ఆగకుండా పైకి వచ్చేశారు. వాళ్లకు యాత్ర అమ్మిన సంస్థ మొదటి రాత్రి బస ఇంత ఎత్తునే పెట్టింది. ఒక కుర్రవాడు వాంతులు చేసుకుంటున్నాడు, పెదవులు నీలంగా ఉన్నాయి, అడుగు తడబడుతోంది. ఈ ఎత్తున గాలిలో దొరికే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే పదింట ఆరు వంతులే. ఇలాంటప్పుడు మాత్ర వేసుకుని పడుకోవడం ప్రమాదం, వెంటనే కిందికి దించాలి. ఇంటాయన బండిలో మర్నాడు బజారుకు వెళ్లాల్సిన బఠాణీ బస్తాలు నింపి కట్టి ఉన్నాయి. ఆయన ఒక్క క్షణం వాటికేసి చూశారు. తరువాత తమ్ముడూ, ఆయనా కలిసి బస్తాలన్నీ దింపి, ఆ కుర్రవాణ్ని రజాయిలో చుట్టి కాజా ఆసుపత్రికి తీసుకెళ్లారు. అర్ధరాత్రి దాటాక తిరిగి వచ్చారు. ప్రాణవాయువు పెట్టారని, తేరుకున్నాడని చెప్పి టీ తాగి, మళ్లీ బస్తాలు ఎక్కించడానికి లేచారు. నేనూ వెళ్లి రెండు బస్తాలు పట్టేసరికి ఊపిరి అందలేదు. డీజిలు ఖర్చు తప్ప ఆయన ఏమీ తీసుకోలేదు.

కాబట్టి దయచేసి టాబోలోనో, కాజాలోనో రెండు రాత్రులు గడపకుండా ఈ పై ఊళ్లకు రాకండి. ఇక్కడ జబ్బు చేస్తే ఊరికి ఉన్న ఒకటి రెండు బండ్లే దిక్కు.

లాంగ్జాలో పిల్లలు చుట్టలు తిరిగిన నల్లరాళ్లు చూపిస్తారు. మనం పూజలో పెట్టుకునే సాలగ్రామాల లాంటివే అవి. ఒకప్పుడు ఇక్కడ ఉన్న టెథిస్ సముద్రంలో బతికిన జీవుల శిలాజాలు. కొనవద్దు, ఏరుకోవద్దు. చేతిలోకి తీసుకుని చూసి అక్కడే పెట్టేయండి.

హిక్కిం అక్కడికి దగ్గరే. 1983లో తెరిచిన అక్కడి తపాలా కార్యాలయం ప్రపంచంలోనే ఎత్తైన వాటిలో ఒకటని పేరు. ఉత్తరాల పెట్టె ఆకారంలో కట్టిన కొత్త భవనం ముందు ఫొటోల కోసం వరుస కట్టారు. నేను పాత మట్టి గది దగ్గరే కార్డు కొని, ఒళ్లో పెట్టుకుని రాసి, ముద్ర వేయించాను. ఇంకా పైన కోమిక్, 4,587 మీటర్లు. వాహనం వెళ్లగల ఊళ్లలో ఇదే ఎత్తైనదని బోర్డు. పాత విహారం గంభీరంగా ఉంది. చూడటానికి తప్పక వెళ్లండి, రాత్రికి మాత్రం ఉండవద్దంటాను. గాలి నిద్ర పోనివ్వదు, నీటి ఎద్దడి లాంగ్జా కన్న అక్కడే ఎక్కువగా కనిపించింది. మనం ఒక్క రాత్రి ఉంటే ఆ ఇంటివాళ్లు ఒక బిందె ఎక్కువ మోయాలి.

చివరి రెండు రాత్రులు కిబ్బర్‌లో. పెద్ద ఊరు, బడి ఉంది, కాజా నుంచి బస్సు వస్తుంది, కాబట్టి డబ్బు చూసుకుని ప్రయాణించేవాళ్లకు ఇదే అనువు. ఇంటి బస 1,000 రూపాయలకు దొరికింది. ఇక్కడి వాళ్లు మంచు చిరుత గురించి చెప్పింది చాలాసేపు విన్నాను. పశువులను చంపుతోందని ఒకప్పుడు దాని మీద పగబట్టిన ఊరు ఇది. 1990లలో తమ మేత భూమిలో కొంత భాగాన్ని అడవి జంతువులకని వదిలేశారు. 2002లో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే వన్యప్రాణి సంరక్షణ సంస్థతో కలిసి పశువులకు బీమా పెట్టుకున్నారు. ఇప్పుడు శీతాకాలంలో ఆ చిరుతను చూడటానికే జనం వస్తారు, దాని జాడ పట్టి చూపించేది ఈ ఊరివాళ్లే. దగ్గరలో చీచం వంతెన ఉంది. 2017లో అది తెరుచుకునే దాకా మనుషులు తాడుకు వేలాడే తొట్టెలో కూర్చుని ఆ లోయను దాటేవారు. వంతెన మధ్య నిలబడి కిందికి చూశాను, ఎక్కువసేపు చూడలేకపోయాను. గర్భిణులు, రోగులు ఆ తొట్టెలో కూర్చుని దాటారన్నది మనసులోంచి పోలేదు.

ఎక్కడ ఉండాలని అడిగితే, లాంగ్జాలో కనీసం మూడు రాత్రులు అంటాను. వెళ్లేవాళ్లు స్నానానికి బదులు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకునే అలవాటు చేసుకోండి, బట్టలు అక్కడ ఉతకవద్దు, ప్లాస్టిక్ సీసాలు కొనకుండా ఇంట్లో కాచిన నీళ్లే పట్టుకోండి. బేరం ఆడవద్దు. వచ్చేటప్పుడు మేము కిలో నల్ల బఠాణీలు కొన్నాం, ఆమా ఇంకో కిలో మూటకట్టి ఇచ్చారు.

హిక్కింలో వేసిన కార్డు మా అమ్మకు మేము ఇల్లు చేరిన పది రోజులకు అందింది. ఇక్కడ చెరువు లేదు, కొండ మీది మంచే చెరువు, మన ఊళ్లోలాగే వంతులు ఉన్నాయి అని రాశాను. అమ్మ దాన్ని తీసుకెళ్లి మా పాత నీరుగంటికి చదివి వినిపించింది. ఆయనకు ఎనభై దాటాయి, చెరువు నిండి చాలా ఏళ్లయింది. రెండుసార్లు చదివించుకుని అడిగారట, ఆ మంచుకు తూము ఎక్కడ పెట్టారమ్మా అని.